కాయకమును యంత్రమునకు అప్పగింపవచ్చునా?



గత సంవత్సరము వార్షిక పరీక్షలు ముగిసిన పిదప నావలన ఒక తప్పు జరిగినది. దానిని దాచుకొనక మీ ముందుంచి, దానినుండి నాకు తోచిన విచారమును విన్నవించుకొనుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము. తప్పు చిన్నదే. అయినను కంటిలో పడిన నలుసు చిన్నదని ఊరకుండలేము గదా!

హాలియా నుండి నాగార్జునసాగరమునకు పోవు దారిలోనున్న పెద్దవూర ప్రాంతమున నేను తెలుగు ఉపాధ్యాయుడను. పండిత శిక్షణ ముగించి మూడు దశాబ్దములు కావచ్చినది. పాఠము చెప్పుట యొక్కటే మా పని యని బయటివారు తలంతురు. హాజరు వివరములు, మధ్యాహ్న భోజనపు లెక్కలు, పై కార్యాలయములకు పంపవలసిన నివేదికలు, వీనితోనే మా సాయంత్రములు గడచిపోవును. ఈ అవస్థను చూచి, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేయుచున్న మా అక్క కుమారుడు నా సెల్‌ఫోనులో కృత్రిమ మేధా సహాయకుని ఒకదానిని అమర్చి యిచ్చెను. "మామా, ఏది కావాలన్నా దీన్ని అడుగు. గుమాస్తా లెక్క పని చేస్తది" అని చెప్పి వెళ్లెను.

నిజముగనే అది గుమాస్తావలె పని చేసినది. నివేదికలు నిమిషములలో తయారైనవి. ఉత్తరములు చక్కగా కుదిరినవి. అంతట నాకు ఆశ పుట్టినది. ప్రగతి పత్రములలో "ఉపాధ్యాయుని అభిప్రాయము" అను గడి యొకటి యుండును. మా తరగతిలో 38 మంది పిల్లలు. పేర్లు, మార్కులు దానికిచ్చి అభిప్రాయములు వ్రాయుమంటిని. పది నిమిషములలో 38 అభిప్రాయములు సిద్ధమైనవి. క్రమశిక్షణ గలవాడనియు, బడికి క్రమము తప్పక వచ్చుచున్నాడనియు, గణితమున మరికొంత శ్రద్ధ వహింపవలెననియు, తప్పులేని తెలుగులో వ్రాసినది. నేను వానిని పత్రములలో ఎక్కించి, క్రింద సంతకము చేసి పంచితిని.

రెండు దినముల తరువాత ఒక తల్లి బడికి వచ్చెను. కూలి పని చేసుకొను మనిషి. ఆమెకు చదువు రాదు. పెద్దకూతురు పత్రము చదివి వినిపించినదట.

"సారూ, ఈ ముక్క మీరే రాసిండ్రా?" అని అడిగెను.

"అవునమ్మా, నేనే రాసిన" అంటిని.

"మా పిలగాడు సంక్రాంతి పండుగ అయినంక నెల రోజులు మేకల ఎంబడి పోయిండు గద సారూ. రోజూ బడికి వస్తడని రాసిండ్రు. వాడు నవ్వుతుండు. నేను రాని సంగతే సారుకు తెల్వదంటుండు."

ఆమె కోపముతో అనలేదు, సందేహముతో అడిగెను. ఆ నెల దినములు ఆ పిల్లవానికి గైర్హాజరు వేసినది నా చేయియే. ఆ రిజిస్టరు నా ముందరనే బల్లపై నున్నది. నేనే వ్రాసితినని ఆమెతో పలికిన మాట అబద్ధము. ముప్పది సంవత్సరములు సత్యమును గూర్చి పాఠములు చెప్పినవాడను, చదువురాని తల్లి అడిగిన మొదటి ప్రశ్నకే బొంకితిని.

ఆ రాత్రి మేనల్లునికి ఫోను చేసి, ఇకమీదట ఈ యంత్రము నాకు వలదంటిని. అతడు నవ్వి యిట్లనెను: "మామా, కష్టపడితేనే కాయకమా? గంట పట్టే పని నిమిషంల అయితే పాపమా? నువ్వు దానికి ఆ పిలగాని సంగతే చెప్పలేదు. చెప్పకుంట అదెట్ల రాస్తది?"

ఈ ప్రశ్నకు తొందరపడి సమాధానము చెప్పరాదనిపించినది. కాయకమును గూర్చి మన పెద్దలు చెప్పినదానిని నేను సరిగా అర్థము చేసికొంటినా యను శంక కలిగినది. అప్పటినుండి నాలో నేను జరుపుకొన్న చర్చను క్రమముగా చెప్పెదను.

మొదట ఈ యంత్రము స్వభావమును తెలిసికొనవలెను. 2022 నవంబరు 30వ తేదీన అమెరికాలోని ఓపెన్ ఏఐ సంస్థ చాట్ జీపీటీని ప్రజలకు విడుదల చేసినది. అటుపిమ్మట ఇట్టి సహాయకులు పలు సంస్థలనుండి వెలువడినవి. మన తెలంగాణ ప్రభుత్వము అంతకు ముందే 2020వ సంవత్సరమును కృత్రిమ మేధా సంవత్సరముగా ప్రకటించి యుండెను. మన పొరుగుననున్న ఖమ్మం జిల్లాలో "సాగు బాగు" అను పథకము క్రింద సుమారు 7,000 మంది మిరప రైతులకు ఇట్టి సాధనములతో సలహాలందించిరి. 2022లో కేంద్ర ప్రభుత్వము భారతీయ భాషల నడుమ అనువాదమునకై "భాషిణి"ని ప్రారంభించినది. కావున ఇది ఎక్కడనో దూరదేశపు వింత యని మనము తొలగియుండుటకు వీలులేదు. పిల్లల చేతులలోనికి, అంగళ్లలోనికి, మఠముల కార్యాలయములలోనికి ఇది వచ్చియే యున్నది.

అయితే ఇది మాటలాడుచున్నంత మాత్రమున దీనికి విషయము తెలిసినదని తలంపరాదు. ఎన్నో కోట్ల పుటల వ్రాతను దీనికి మేపిరి. ఏ మాట తరువాత ఏ మాట వచ్చుటకు అవకాశము హెచ్చో అది నేర్చుకొన్నది. అవధానములలో సమస్యాపూరణము చూచినవారికి ఇది సులభముగా బోధపడును. యతిప్రాసలు, గణములు పూర్తిగా వశమైన ఒక విద్యార్థి, ఇచ్చిన సమస్యకు అర్థము ఆలోచింపకయే, విన్న పద్యముల పోలికతో మూడు పాదములు పూరించినాడనుకొనుడు. పద్యము నడచును. ఒక్కొక్కప్పుడు మిక్కిలి అందముగ నుండును. అది సత్యమా యని అడిగినచో ఆ విద్యార్థి యొద్ద జవాబుండదు. మా పిల్లవాని విషయమున జరిగినది ఇదియే. బడిపిల్లలను గూర్చి సాధారణముగా వ్రాయబడు మాటలను అది వ్రాసినది. సాధారణముగా పిల్లలు బడికి వత్తురు గనుక వీడును వచ్చెనన్నది. అంతర్జాలమున తెలుగు వ్రాత ఆంగ్లముతో పోల్చిన చాల స్వల్పము. అందుచేత మన భాషలో దీని తడబాటు మరింత హెచ్చు.

ఇక మేనల్లుని ప్రశ్నకు వత్తము. కష్టమే కాయకమా?

కాదనియే చెప్పవలెను. మా తాతగారి కాలమున ఈ నేలను మోటతో తడిపెడివారు. తెల్లవారుజామున ఎడ్లు కపిలబావి వాలున దిగుచు ఎక్కుచు తోలుబొక్కెనతో నీరు తోడెడివి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. వేలాది కూలీలు రాతిమీద రాయి పేర్చి కట్టిన ఆ ఆనకట్ట నుండి 1967లో కాలువలకు నీరు వదలిరి. కాలువ నీరు వచ్చినచోట మోట పోయినది. కరెంటు మోటరు వచ్చినచోట కూడ పోయినది. అందువలన రైతు రైతు కాకుండపోయెనా? ఎద్దు మెడపై కాడి దింపిన సాధనమును ఏ శరణుడును నిందింపడు.

సాహిత్యమున కూడ ఇట్లే. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును వ్రాయుటకు పండితులు మెచ్చు కఠిన వృత్తములను గాక, పామరులు సైతము పాడుకొనగల ద్విపదను, జానుతెనుగును ఎన్నుకొనెను. శ్రోతకు శ్రమ తగ్గించుటయే ఆయన ఉద్దేశ్యము. ఆ తెలుగు గ్రంథమును 1369లో భీమకవి కన్నడీకరించి తన వారికి అందించెను. సులభము చేయుట దోషమైనచో ఈ మహనీయులిద్దరును దోషులు కావలసి వచ్చును. కావున నా మేనల్లుని మాటలో సగము సత్యమున్నదని ఒప్పుకొంటిని.

ఈ సాధనముల వలన పని పెరుగునా యను విషయమున పరిశోధనలును జరిగినవి. 2023లో అమెరికాలో కొందరు ఆర్థిక శాస్త్రవేత్తలు, ఖాతాదారుల ప్రశ్నలకు జవాబులిచ్చు 5,179 మంది ఉద్యోగులను పరిశీలించిరి. సహాయకుని వాడినప్పుడు వారి పని సగటున నూటికి 14 పాళ్లు పెరిగినది. కొత్తగా చేరినవారిలో నూటికి 34 పాళ్లు పెరిగినది. అనుభవజ్ఞులకు మాత్రము లాభము చాల తక్కువ. కారణమేమనగా, ఆ యంత్రము నేర్చినది అనుభవజ్ఞుల సంభాషణలనుండియే. వారి నేర్పును అది కొత్తవారికి అందించినది. 2025లో జరిగిన మరొక పరిశీలన దీనికి భిన్నముగ నున్నది. ఆరితేరిన 16 మంది ప్రోగ్రామర్లకు 246 పనులు ఒప్పగించిరి. సహాయకుని వాడిన పనులకు వారికి నూటికి 19 పాళ్లు ఎక్కువ కాలము పట్టినది. అయినను తమ పని నూటికి 20 పాళ్లు త్వరగా అయినదనియే వారు నమ్మిరి. త్వరగా సాగినట్లు తోచుటయు, త్వరగా సాగుటయు ఒక్కటి కావని దీనివలన తెలియుచున్నది. ఎవరి పనికి ఇది సహాయమో, ఎవరి పనికి భ్రమయో, ఎవరికి వారు గడియారము చూచి తేల్చుకొనవలెను.

అయితే నేను చేసిన తప్పు కాలమునకు సంబంధించినది కాదు. గంట పట్టినను ఆ అబద్ధము అబద్ధమే. మరి తప్పెక్కడ నున్నది? దీనిని నాకు తెలియజేసినది మరొక సంఘటన.

శ్రావణమాసమున సమీప గ్రామములోని ఒక సభలో కాయకమును గూర్చి ప్రసంగింపవలసి వచ్చినది. శ్రమను గూర్చిన బసవన్న వచనమొకటి తెలుగులో ఇమ్మని యంత్రము నడిగితిని. ఇచ్చినది. భావము ఉదాత్తముగ నున్నది. చివర కూడలసంగమదేవుని అంకితము కూడ నున్నది. ముచ్చటపడి, ప్రసంగమునకు ముందు నాయొద్దనున్న వచన సంపుటములలో వెదకితిని. ఎచ్చటను లేదు. ఇది ఏ సంపుటములోనిదని మరల అడిగితిని. యంత్రము వినయముగ క్షమాపణ చెప్పి, మరొక వచనమును చేతిలో పెట్టినది. అదియును లేనిదే!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంకితమనగా ఏమి? శరణులు తమ వచనముల చివర తమ ఇష్టదైవపు పేరును ముద్రగా వేసిరి. ఈ మాటకు నా దైవము సాక్షి యని దాని అర్థము. అక్కమహాదేవి చెన్నమల్లికార్జునుని, అల్లమప్రభువు గుహేశ్వరుని సాక్షిగా నిలిపిరి. పడవ నడిపిన అంబిగర చౌడయ్య మరింత ధైర్యశాలి. ఆయన తన వృత్తిని, తన పేరును కలిపి తన వచనములకు ముద్రగా వేసికొనెను. పడవవాడనైన చౌడయ్యను నేనే పలుకుచున్నాను, నన్నే అడుగుడని సభలో నిలిచినట్లున్నది. కాయకమును, అంకితమును విడదీయలేమని నాకప్పుడు తోచినది. పని చేసినవాడు ఆ పనికి జవాబుదారి. ఆ జవాబుదారితనమునకు గుర్తు ముద్ర. ప్రగతి పత్రముపై నేను చేసిన సంతకము నా అంకితము. నేను చూడని దానికి, తలంపని దానికి ఆ ముద్ర వేసితిని. బసవన్న ముద్రను యంత్రము దొంగిలించినదని రోషపడితిని గాని, నా ముద్రను నేనే దానికి అప్పగించిన సంగతి మరచితిని.

విద్యావంతులందరికిని ఈ ప్రమాదమున్నది. 2023లో న్యూయార్కు నగరమున ఇద్దరు న్యాయవాదులు ఒక విమాన సంస్థపై వేసిన దావాలో, చాట్ జీపీటీ కల్పించిన ఆరు తీర్పులను నిజమైనవని నమ్మి న్యాయస్థానమునకు సమర్పించిరి. ఆ తీర్పులు ఎన్నడును వెలువడలేదు. వారికి 5,000 డాలర్ల జరిమానా పడినది. నమ్మదగిన సాధనమును సహాయమునకు వాడుట తనంత తాను తప్పు కాదనియు, సమర్పించిన పత్రముల సత్యమునకు న్యాయవాదియే కావలి యుండవలెననియు ఆ న్యాయమూర్తి అభిప్రాయపడెను. ఆ మాటలో మన అంకిత ధర్మమే కనబడుచున్నది.

ఈ ధర్మమును గ్రంథము చదివి తెలిసికొనవలసిన పని లేదు. మా వీధిలో ఒక ముసలమ్మ కలదు. కొన్ని మాసములుగా ఆమెకు పింఛను ఆగిపోయినది. అర్జీ వ్రాసి పెట్టుమని నా యొద్దకు వచ్చెను. ఆమె చెప్పిన మాటలను ఫోనుకు వినిపించితిని. క్షణములో అర్జీ తయారైనది. ఇది మంచి సహాయమనుటలో సందేహము లేదు. కచేరీ ముందర అర్జీలు వ్రాయువానికి డబ్బిచ్చుకొనలేని వారికి ఇట్టి గుమాస్తా దొరకుట సామాన్య విషయము కాదు. వేలిముద్ర వేయుమని కాగితము ముందుంచితిని. ఆమె చేయి చాపలేదు.

"అంత సదివి ఇనిపియ్యి బిడ్డా. నేను చెప్పిందే ఉన్నదో లేదో ఇన్నంకనే ఏలు పెడ్త" అనెను.

చదివితిని. నడుమ ఒక వాక్యమున్నది. కుమారులు తన పోషణను పట్టించుకొనుట లేదని అందులో వ్రాసి యున్నది. ఆమె అట్టి మాట అనలేదు. ఇట్టి అర్జీలలో ఇట్టి మాట తరచుగా ఉండునేమో, యంత్రము దానిని చేర్చినది.

"గదెందుకు రాసినవ్ బిడ్డా? నా కొడుకులను బదనాం చేస్తవా? వాళ్లు బువ్వ పెడుతుండ్రు. పింఛను ఆగింది, గంతే. గదొక్కటే రాయి" అనెను.

ఆ వాక్యమును తీసివేసి, మరల చదివి వినిపించిన పిదపనే ఆమె వేలిముద్ర వేసెను. ఆ వాక్యము ఉండిన పింఛను త్వరగా వచ్చునేమో యని నా మనస్సులో మెదలిన మాటను నేను దాచను. ఆమెకు ఆ ఆలోచన కూడ రాలేదు. పండిత శిక్షణ పొందిన నేను చదువకయే 38 సంతకములు చేసితిని. అక్షరము రాని ఆమె వినకుండ ఒక్క వేలిముద్ర వేయలేదు. మా యిద్దరిలో అంకితము విలువ ఎరిగినవారెవరో మీరే నిర్ణయింపుడు.

ఇక మిగిలిన ప్రశ్న ఒకటున్నది. సత్యముగనే వాడితిమి, చదివియే సంతకము చేసితిమి, అందువలన కాలము కలిసి వచ్చినది. ఆ కలిసి వచ్చిన కాలము ఎవరిది?

ఇచ్చట ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ తప్పక స్మరణకు వచ్చును. రాలిన బియ్యపు గింజలను ఏరుకొని, దానితో జంగమ దాసోహము నడుపుట ఆ దంపతుల కాయకము. ఒకనాడు మారయ్య ప్రతి దినముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. మనకు వలసినదానికి మించి ఎందుకు తెచ్చితివని ప్రశ్నించి, అధికమైన బియ్యమును మరల అక్కడనే వదలి రమ్మని పంపెనని సంప్రదాయము చెప్పుచున్నది. మిర్యాలగూడ రైసుమిల్లుల ముంగిట గింజలు ఏరుకొను స్త్రీలను చూచినప్పుడెల్ల నాకు లక్కమ్మ గుర్తునకు వచ్చును. ఆమె దృష్టిలో ఎక్కువ తెచ్చుట నేర్పరితనము కాదు. ఆ ఎక్కువ ఏ ఆశనుండి పుట్టినదని ఆమె అడిగెను.

ముందు మోటను గూర్చి చెప్పితిని. ఆ కథకు రెండవ భాగము కూడ కలదు. మోటరు వచ్చినంతట మా మెట్ట గ్రామములలో మనము తృప్తి పడలేదు. ఎడ్లు అలసినచో మోట ఆగెడిది. మోటరు అలయదు. బావి ఎండిన బోరు వేసితిమి, బోరు ఎండిన ఇంకను లోతునకు పోయితిమి. అప్పు చేసి బోర్లు వేసి, నీరు పడక చితికిన రైతులు నల్లగొండ జిల్లాలో ఎందరో కలరు. బరువు దింపుటకు వచ్చిన సాధనమునకు హద్దు చెప్పు లక్కమ్మ ఇంటిలో లేకపోయిన ఇట్లగును.

నా సంగతియే చెప్పెదను. నివేదికలు త్వరగా ముగియుటవలన నాకు వారమునకు నాలుగైదు గంటలు మిగిలినవి. మొదటి రెండు మాసములు ఆ గంటలు ఏమైనవో నాకే తెలియదు. కొంత ఫోనులోనే పోయినది. కొంత మరిన్ని నివేదికలకు పోయినది. త్వరగా పంపగలవానిని త్వరగా మరొకటి అడుగుట లోకసహజము. మిగిలిన గింజలు కూడ మరొక బస్తాలోనికే పోయినవి, దాసోహమునకు చేరలేదు.

దాసోహమును గూర్చి మరొక మాట. ఈ యంత్రము ఇచ్చు ప్రతి వాక్యము వెనుక ఎందరి శ్రమయో యున్నది. వ్రాసినవారి వ్రాతలు దానికి మేత. అంతేగాక, దాని నోటినుండి దుర్భాషలు రాకుండ చేయుటకై కెన్యా దేశమున కొందరు కూలీలు గంటకు రెండు డాలర్లకు లోపు కూలికి, చదువరాని ఘోరమైన వ్రాతలను దినమెల్ల చదివి గుర్తులు పెట్టిరని 2023 జనవరిలో టైమ్ పత్రిక ప్రకటించినది. మన హైదరాబాదులో స్వేచ్ఛ అను సంస్థవారు విద్యార్థుల చేత తెలుగు కథలను సేకరింపజేసి, దిద్దింపజేసి, "చందమామ కథలు" అను పేర చిన్న తెలుగు నమూనాను తయారుచేసిరి. అందును ఎందరో పిల్లల కనుచూపు కరిగినది. కాబట్టి యంత్రము చేసినదని మనమనుకొను పనిలో కూడ మానవుల కాయకమే దాగియున్నది. వారెవరో మనకు తెలియదు గనుక కూలి చెల్లించలేము. మనకు మిగిలిన కాలములో కొంత భాగమును లేనివారికిచ్చి ఆ ఋణము తీర్చుకొనుట యొక్కటే మార్గమని నాకు తోచుచున్నది.

ఈ ఆలోచనల ఫలితముగ నా నడవడికి మూడు కట్టుబాట్లు ఏర్పరచుకొంటిని. మొదటిది, నేను పూర్తిగా చదివి, నిజమని ఎరిగి, ఎవరైన అడిగిన నిలబడి జవాబు చెప్పగల దానికే సంతకము చేయుదును. రెండవది, ఒక మనిషిని ఎరిగినవాడుగా నేను పలుకవలసినచోట, అనగా పిల్లవానిని గూర్చి అభిప్రాయము, దుఃఖములో నున్నవానికి ఉత్తరము, మఠమున పూజ్యులకు విన్నపము, ఇట్టివానిని యంత్రమునకు ఒప్పగింపను. లెక్కలు, పట్టికలు, పాఠమునకు అభ్యాస ప్రశ్నలు అది చేయవచ్చును. మూడవది, దానివలన మిగిలిన కాలములో సగమైనను చదువులో వెనుకబడిన పిల్లల యొద్ద కూర్చుండి గడుపుదును. ఇప్పుడు మధ్యాహ్న భోజనము తరువాత ముగ్గురు పిల్లలు నా యొద్ద గుణింతములు దిద్దుకొనుచున్నారు. ఏడవ తరగతికి వచ్చినను వారికి చదువుట రాదు.

మఠములవారికి ఒక మనవి. తుమకూరు సిద్ధగంగా మఠమున అన్నము, అక్షరము, ఆశ్రయము అను మూడింటి దాసోహము నడచుచున్నది. మన ప్రాంతపు చిన్న మఠములు అంత చేయలేకపోవచ్చును. వారమునకొక దినము చదువుకొన్న యువకుని ఒకనిని కూర్చుండబెట్టి, ఈ సాధనము సహాయముతో పేదలకు అర్జీలు వ్రాసిపెట్టి, చదివి వినిపించి, వారు ఒప్పుకొన్న పిదపనే వేలిముద్ర వేయించిన, అదియును అక్షర దాసోహమే యగును. అటులనే వచనములను, పురాణ కథలను పత్రికలలో అచ్చువేయువారు మూల గ్రంథమున చూడకుండ అచ్చువేయరాదని కట్టడి చేసికొనవలెను. లేనిచో కొన్ని ఏండ్లలో బసవన్న అనని మాటలు బసవన్న పేర ఇంటింటను పారాయణమగును. తరువాతివారికి వానిని ఏరివేయుట అసాధ్యమగును.

ఆ పిల్లవాని సంగతి చెప్పి ముగించెదను. ఆ తల్లి వచ్చిన మరునాడు 38 పత్రములను తెప్పించి, నాలుగు సాయంత్రములు కూర్చుండి, ఒక్కొక్క పిల్లవాని ముఖమును తలచుకొని మరల వ్రాసితిని. ఆరుగురిని గూర్చి వ్రాయుటకు నాకేమియు తోచలేదు. ఏడాది పొడవున వారిని నేను చూడలేదని అప్పుడే తెలిసినది. ఆ యంత్రము వ్రాసిపెట్టి యుండిన ఈ సంగతి నాకెన్నటికిని తెలియకపోయెడిది. వారిని మరల పిలిపించి మాటలాడి వ్రాసితిని.

మేకల పిల్లవాని పత్రముపై ఇట్లు వ్రాసితిని: "సంక్రాంతి తరువాత నెల దినములు బడికి రాలేదు. పదునెనిమిది మేకలను పేరుపేరున గుర్తించును. వానిని గూర్చి పదునైదు వాక్యములు వ్రాసెను. ఒత్తులు తప్పినవి. సెలవులలో నా యొద్దకు పంపిన దిద్దించెదను." ఆ తల్లిని పిలిచి, మొదటి పత్రము నేను వ్రాయలేదని, ఆనాడు ఆమెతో అబద్ధము చెప్పితినని ఒప్పుకొని, రెండవదానిని చదివి వినిపించితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "ఇది మా వాడే సారూ" అనెను.

వాడు సెలవులలో ఎనిమిది దినములు వచ్చి దిద్దుకొనెను. ఇప్పటికిని అప్పుడప్పుడు మేకల వెంట పోవుచున్నాడు. వానికి గైర్హాజరు వేయుచున్నాను. మరునాడు వచ్చినప్పుడు, నిన్న ఎటు పోతివని అడుగుచున్నాను.

శరణు శరణార్థి.